వర్చువల్ మెషీన్‌లో బోయింక్ పెట్టాను, తాబేలు నడకే నడుస్తోంది. సాయం చేయగలరా?

వేళచ్చేరి, ఫిజిక్స్ టీచర్ (శనివారం సాయంత్రం)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చాలా ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్నాం. ఇక్కడ ఒక స్కూల్లో ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. పోయిన నెల గురుత్వాకర్షణ తరంగాల గురించి చెబుతుంటే ఒక అమ్మాయి లేచి "మిస్, ఇందులో మనం చేయగలిగింది ఏమైనా ఉందా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వెతికితే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ కనిపించింది. గురుత్వాకర్షణ తరంగాలు పట్టే లైగో డిటెక్టర్ల డేటా, రేడియో టెలిస్కోపుల డేటా, గామా కిరణాలు చూసే ఫెర్మీ ఉపగ్రహం డేటా ముక్కలు చేసి మనలాంటివాళ్ళ కంప్యూటర్లకు పంపుతారట. మన ప్రాసెసర్ ఆ లెక్క చేసి ఫలితం తిరిగి పంపుతుంది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ బోయింక్.

నా లాప్‌టాప్‌లో ప్రశ్నపత్రాలు, పిల్లల మార్కులు ఉంటాయి. అందుకని ఈ పని వాటికి దూరంగా, వేరే గదిలో జరిగినట్టు ఉండాలనుకున్నాను. కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ (వర్చువల్ మెషీన్) నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు అనే లినక్స్ పెట్టాను. లాప్‌టాప్ విండోస్ 11, నాలుగు కోర్లు, 16 జీబీ ర్యామ్. ఇప్పుడు నాలుగు ఇబ్బందులు:

ఉబుంటు తెర మీద మౌస్ కదిలిస్తే ఒక క్షణం ఆగి కదులుతోంది. కిటికీ అడుగున కుడివైపు చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనబడుతోంది.

ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా నా యూజర్ "సుడోయర్స్ ఫైల్‌లో లేడు" అంటోంది, అంటే అడ్మిన్ హక్కులు (సుడో) లేవని.

పిల్లలకు సెర్న్ (యూరప్‌లోని కణభౌతిక శాస్త్ర ప్రయోగశాల) అంటే చాలా ఇష్టం కాబట్టి, బోయింక్‌లోనే నడిచే వాళ్ళ ప్రాజెక్ట్ ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ కూడా కలపాలనుకుంటున్నాను. కానీ దానికి వర్చువల్‌బాక్స్ ఉండాలని చదివాను. నేను ఉన్నదే వర్చువల్‌బాక్స్ లోపల కదా, మరి అది ఎలా?

ఇక లాప్‌టాప్ బాగా వేడెక్కుతోంది. నిన్న రాత్రి ఫ్యాన్ చప్పుడికి మా అత్తగారు లేచి "ఏంటమ్మా అది" అని అడిగారు.

తాంబరం (శనివారం రాత్రి)

మేడమ్, నమస్తే. నేను ఒక కంపెనీలో సర్వర్లు చూసే పనిలో ఉన్నాను. బోయింక్ ఇంట్లో చాలా ఏళ్ళుగా నడుపుతున్నాను. మీరు తాబేలు బొమ్మ గమనించి చెప్పడం వల్ల సగం పని తేలికైంది. చాలామంది "స్లోగా ఉంది" అని మాత్రమే రాస్తారు.

ఆ తాబేలు అలంకారం కోసం పెట్టింది కాదు. ప్రాసెసర్‌లో వర్చువల్ మెషీన్ల కోసం ప్రత్యేక సదుపాయం ఉంటుంది. ఇంటెల్‌లో దాన్ని వీటీ-ఎక్స్ అంటారు, ఏఎండీలో బయోస్ మెనూలో ఎస్‌వీఎం అని ఉంటుంది. వర్చువల్‌బాక్స్ దాన్ని నేరుగా పట్టుకుంటే వేగంగా నడుస్తుంది. మీ విండోస్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే మైక్రోసాఫ్ట్ వాళ్ళ సొంత హైపర్-వీ ముందే దాన్ని పట్టుకుని కూర్చుంది. అందువల్ల వర్చువల్‌బాక్స్ ప్రతి పనికీ హైపర్-వీని అడిగి చేయించుకోవాల్సి వస్తోంది. తాబేలు చెప్తున్నది అదే.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. "వర్చువలైజేషన్: ఎనేబుల్డ్" అని ఉంటే బయోస్ జోలికి వెళ్ళక్కర్లేదు. తర్వాత స్టార్ట్ మెనూలో "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్" అని వెతికి తెరవండి. అందులో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ మూడింటి టిక్కులూ తీసేసి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, దాని లోపల కోర్ ఐసొలేషన్, అందులో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉందేమో చూడండి.

ఇక్కడ మాత్రం ఆగి ఆలోచించమని నా మనవి. మెమరీ ఇంటెగ్రిటీ ఒక రక్షణ. పిల్లల వివరాలున్న లాప్‌టాప్‌లో దాన్ని తీసేయడం నాకు నచ్చదు. మూడు టిక్కులు తీస్తే తాబేలు పోతే సరే. ఈ రక్షణ కూడా తీస్తేనే పోతుందంటే, తీయకండి, వేరే దారిలో వెళ్దాం. అలాగే మీరు డాకర్ గానీ డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లినక్స్ నడిపేది) గానీ వాడుతుంటే ఆ టిక్కులు తీశాక అవి పనిచేయవు.

సుడో సంగతి. మెషీన్ తయారుచేసేటప్పుడు వర్చువల్‌బాక్స్ తనంతట తానే ఉబుంటుని ఇన్‌స్టాల్ చేసేసింది కదా? దాన్ని అన్‌అటెండెడ్ ఇన్‌స్టాలేషన్ అంటారు. అలా తయారైన యూజర్‌కి అడ్మిన్ హక్కులు రావు. రూట్‌గా వెళ్ళి ఆ యూజర్‌ని సుడో గ్రూపులో చేర్చవచ్చు. కానీ మీ మెషీన్‌లో ఇంకా ఏమీ లేదు కాబట్టి దాన్ని తీసేసి మళ్ళీ చేసుకోవడమే తేలిక. ఈసారి ఐఎస్ఓ ఫైల్ చూపించే చోట "స్కిప్ అన్‌అటెండెడ్ ఇన్‌స్టాలేషన్" అనే టిక్ పెట్టండి. అప్పుడు ఉబుంటు మామూలుగా పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ ఇన్‌స్టాల్ అవుతుంది, హక్కులూ వస్తాయి.

మళ్ళీ చేసేటప్పుడు ప్రాసెసర్లు రెండే ఇవ్వండి. మీకు టాస్క్ మేనేజర్‌లో ఎనిమిది కనబడుతుండవచ్చు, కానీ అసలు కోర్లు నాలుగే. నాలుగూ మెషీన్‌కి ఇచ్చేస్తే విండోస్‌కి ఊపిరాడదు. ర్యామ్ 4 జీబీ చాలు. డిస్క్ 30 జీబీ, డైనమిక్‌గా పెరిగేది. ఒక విషయం గుర్తుంచుకోండి: ఆ డిస్క్ ఫైల్ పెరుగుతుందే కానీ లోపల ఫైళ్ళు తీసేసినా దానంతట అది తగ్గదు. షేర్డ్ ఫోల్డర్ పెట్టకండి. మీకు కావలసింది వేరే గది కదా, మధ్యలో కిటికీ ఎందుకు?

ఎల్‌హెచ్‌సీ గురించి రేపు రాస్తాను. అది కొంచెం వివరంగా చెప్పాలి.

అంబత్తూరు, ఇంజనీరింగ్ విద్యార్థి (శనివారం రాత్రి)

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నా దగ్గర గేమింగ్ లాప్‌టాప్ ఉంది, మంచి గ్రాఫిక్స్ కార్డుతో. నేను కూడా వర్చువల్‌బాక్స్‌లోనే బోయింక్ పెట్టాను. ఆ కార్డు (జీపీయూ) మీద నడిచే పనులు ఒక్కటీ రావట్లేదు. డ్రైవర్ మూడుసార్లు వేశాను.

తాంబరం

తమ్ముడూ, డ్రైవర్ ఇంకెన్నిసార్లు వేసినా రావు. వర్చువల్‌బాక్స్ లోపలి మెషీన్‌కి నీ అసలు కార్డు కనబడదు, ఒక ఉత్తుత్తి డిస్‌ప్లే కార్డు మాత్రమే కనబడుతుంది. దాని మీద లెక్కలు నడవవు. నీకు జీపీయూ పనులు కావాలంటే విండోస్‌లోనే నేరుగా బోయింక్ వేసుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సర్వీస్‌గా నడపాలా అని అడిగితే వద్దను. సర్వీస్‌గా నడిస్తే విండోస్‌లో జీపీయూ దానికి అందదు.

పెరుంగుడి

నాదొక అనుభవం చెప్పాలి, మరొకరికి అలా జరగకూడదని. ఆఫీసు లాప్‌టాప్‌లో రాత్రిపూట బోయింక్ నడిపాను. మంచి పనే కదా అనుకున్నాను. రెండో వారం సెక్యూరిటీ వాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది. కనబడని సాఫ్ట్‌వేర్ ఒకటి రోజంతా ప్రాసెసర్ తింటోందని, బయటి సర్వర్లతో మాట్లాడుతోందని వాళ్ళ రిపోర్టులో పడింది. దొంగచాటుగా కాయిన్లు తవ్వుతున్నానని అనుకున్నారు. మేనేజర్ ముందు కూర్చుని సంజాయిషీ రాసిచ్చాను. ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. సొంత కంప్యూటర్ కాకపోతే రాతపూర్వకంగా అనుమతి లేకుండా పెట్టకండి.

తాంబరం (ఆదివారం ఉదయం)

మేడమ్, ఎల్‌హెచ్‌సీ సంగతి.

సెర్న్‌లో వాడే ప్రోగ్రాములు వాళ్ళ సొంత లినక్స్ వాతావరణంలో నడిచేలా రాసినవి. మన ఇళ్ళలో ఉన్న రకరకాల విండోస్, రకరకాల లినక్స్ మీద వాటిని నడపడం కష్టం. అందుకని వాళ్ళు సెర్న్‌వీఎం అనే చిన్న వర్చువల్ మెషీన్ తయారుచేశారు. బోయింక్ ఆ మెషీన్ ఫైల్‌ని (ఇమేజ్) దించుకుని, మీ కంప్యూటర్‌లో ఉన్న వర్చువల్‌బాక్స్‌ని పిలిచి, తెర మీద కనబడకుండా వెనకాల నడుపుతుంది. పని అయ్యాక తీసేస్తుంది. అంటే ఎల్‌హెచ్‌సీ కోసం మీరు మెషీన్ కట్టక్కర్లేదు, అదే కట్టుకుంటుంది.

మీరు ఉబుంటు మెషీన్ లోపల బోయింక్ పెట్టి ఎల్‌హెచ్‌సీ కలిపితే, ఆ బోయింక్ మళ్ళీ లోపల ఇంకో వర్చువల్‌బాక్స్ కోసం వెతుకుతుంది. గదిలో గది. సెట్టింగ్స్‌లో నెస్టెడ్ వీటీ-ఎక్స్ అని ఒక టిక్ ఉంది, సాంకేతికంగా కుదురుతుంది. కానీ నాలుగు కోర్ల లాప్‌టాప్‌లో అది నరకం. నేను ప్రయత్నించాను. "పోస్ట్‌పోన్డ్: వీఎం జాబ్ అన్‌మేనేజబుల్" అని ఒకటే మెసేజి. పని ముందుకు సాగదు, కరెంటు మాత్రం ఖర్చవుతుంది.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఐన్‌స్టీన్‌కి అసలు వర్చువల్ మెషీన్ అవసరం లేదు, అది విండోస్‌లో నేరుగా నడుస్తుంది, ఉబుంటు లోపలా నడుస్తుంది. మీకు దూరంగా ఉండటం ముఖ్యం కాబట్టి ఉబుంటులో పెట్టుకోండి. ఎల్‌హెచ్‌సీ కావాలంటే మాత్రం విండోస్‌లోనే బోయింక్ వేసి, పక్కన వర్చువల్‌బాక్స్ ఉంచండి. రెండూ ఒకేసారి వద్దు. ముందు ఐన్‌స్టీన్‌తో ఒక నెల గడపండి.

ఎల్‌హెచ్‌సీ మొదలుపెట్టాక ప్రాజెక్ట్ ప్రిఫరెన్సుల్లో రకరకాల పనులు కనబడతాయి, వాటిలో థియరీ ఒక్కటే ఎంచుకోండి. అట్లాస్ పనులు ర్యామ్ బాగా తింటాయి, వందల మెగాబైట్లు దించుకుంటాయి, తిరిగి పంపేదీ పెద్దదే. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ జోలికి వెళ్ళకూడదు. పిల్లలకు చెప్పడానికి ఒక మాట: ఐఐటీ మద్రాస్ సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో భాగస్వామి. గిండీ మీదుగా రోజూ బస్సులో వెళ్ళే పిల్లలకు సెర్న్ అంత దూరంగా అనిపించక్కర్లేదు. మన దేశం 2017 జనవరిలో సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం అయింది కూడా.

ఇప్పుడు ఉబుంటులో బోయింక్. కమాండు ఇక్కడ రాయను, సాఫ్ట్‌వేర్ సెంటర్‌లోనే బోయింక్ మేనేజర్ దొరుకుతుంది. వేశాక తెరిస్తే "క్లయింట్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాను" అంటే కంగారు పడకండి. మీ యూజర్‌ని బోయింక్ అనే గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ రండి. తర్వాత టూల్స్‌లో యాడ్ ప్రాజెక్ట్.

మైలాపూర్ (ఆదివారం మధ్యాహ్నం)

అమ్మా, వేడి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. రిటైర్ అయినవాణ్ణి, తీరిక ఉంది. గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికే సెటీ ఎట్ హోమ్ 1999లో మొదలైనప్పుడు మా ఆఫీసు పీసీలో, అప్పటి మా ఆఫీసర్ అనుమతితోనే, ఆ స్క్రీన్‌సేవర్ పెట్టినవాళ్ళలో నేనొకణ్ణి. రంగురంగుల గ్రాఫు కదులుతుంటే అటెండర్ నుంచి ఆఫీసర్ దాకా వచ్చి చూసేవాళ్ళు. 2020 మార్చి 31న వాళ్ళు కొత్త పని పంపడం ఆపేశారు. ఆ రోజు నాకు చాలా దిగులేసింది. అప్పటి నుంచి ఐన్‌స్టీన్‌లోనే ఉన్నాను.

చెన్నైలో ఈ పనికి మొదటి శత్రువు ఉక్కపోత. ఊటీలో చల్లగా నడిచే లాప్‌టాప్ ఇక్కడ మే నెలలో పొయ్యి అవుతుంది. మంచం మీద, దిండు మీద పెట్టకండి. అడుగున రెండు పుస్తకాలు అటూ ఇటూ పెట్టి గాలి ఆడనివ్వండి. బోయింక్‌లో "సీపీయూ సమయంలో ఇంత శాతం" అని ఒకటి, "సీపీయూలలో ఇంత శాతం" అని ఒకటి ఉంటాయి. మొదటిది తగ్గిస్తే ప్రాసెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది, ఫ్యాన్ పెరుగుతూ తగ్గుతూ చెవికి ఇబ్బంది. రెండోది తగ్గించండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో "మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్" అని ఉంటుంది, కొన్ని లాప్‌టాప్‌లలో కనబడదు. కనబడితే 100 నుంచి 99కి తగ్గించండి. అంకె ఒక్కటే తగ్గినా టర్బో ఆగిపోతుంది, వేడి గట్టిగా దిగుతుంది. మీ అత్తగారు హాయిగా నిద్రపోతారు.

కరెంటు లెక్క కూడా చెప్తాను. నేను ప్లగ్‌కి పెట్టే చిన్న మీటరు కొని కొలిచాను. నా లాప్‌టాప్ ఊరికే ఉన్నప్పటికంటే బోయింక్ నడిచేటప్పుడు దాదాపు 40 వాట్లు ఎక్కువ తీసుకుంటుంది. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే రోజుకు 0.32 యూనిట్లు, రెండు నెలల బిల్లుకు సుమారు 19 యూనిట్లు. ఇరవైనాలుగు గంటలూ నడిపితే 58 దాకా. మన దగ్గర బిల్లు రెండు నెలలకోసారి కదా, పైకి వెళ్ళేకొద్దీ రేటు పెరుగుతుంది. ఎండాకాలంలో ఏసీ వల్ల 500 అంచున ఉండే ఇంట్లో ఈ 58 తేడా తెలుస్తుంది. అద్దె ఇల్లయితే ఇంటివాళ్ళు యూనిట్‌కి వాళ్ళ రేటు వేస్తారు, అది కూడా చూసుకోండి. నేను ఏప్రిల్ నుంచి ఆపేస్తాను. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక మళ్ళీ పెడతాను.

వేళచ్చేరి, ఫిజిక్స్ టీచర్ (ఆదివారం రాత్రి)

తాబేలు పోయింది! దాని చోట మామూలు గుర్తు వచ్చింది. మూడు టిక్కులు తీయడంతోనే సరిపోయింది, మెమరీ ఇంటెగ్రిటీ జోలికి పోలేదు. ఉబుంటు కొత్తగా వేశాను, బోయింక్ నడుస్తోంది, ఐన్‌స్టీన్ పనులు రెండు వచ్చాయి. మైలాపూర్ పెద్దాయన చెప్పిన 99 పెట్టాక ఫ్యాన్ చప్పుడు వినబడట్లేదు. అందరికీ చేతులెత్తి నమస్కారం.

ఒక సందేహం. ఇప్పుడు అంతా బాగుంది కాబట్టి స్నాప్‌షాట్ తీసి పెట్టుకున్నాను. ఏదైనా పాడైతే వెనక్కి వెళ్ళవచ్చు కదా? రోజూ పని అయ్యాక మెషీన్‌ని ఎలా మూయాలి?

తాంబరం

మేడమ్, ఆ స్నాప్‌షాట్‌ని దయచేసి తీసేయండి. ఇందులో నేను దెబ్బతిన్నాను.

మామూలు వర్చువల్ మెషీన్‌లో స్నాప్‌షాట్ మంచి అలవాటు. బోయింక్ ఉన్న మెషీన్‌లో మాత్రం ప్రమాదం. ఈ రోజు మీ దగ్గర రెండు పనులున్నాయి. పది రోజుల తర్వాత అవి పూర్తయి, ఫలితాలు వెళ్ళిపోయి, వేరే పనులు వస్తాయి. అప్పుడు ఏదో పాడై మీరు ఈ స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే, ఎప్పుడో అప్పజెప్పేసిన పాత పనులు మళ్ళీ బతికి వస్తాయి. ఇప్పుడు నడుస్తున్న పనులు మాయమవుతాయి. సర్వర్ వాటి కోసం గడువు దాకా ఎదురుచూస్తూనే ఉండవచ్చు. నేను అలా చేసి ఒకసారి పన్నెండు పనులు పోగొట్టాను. నా కంప్యూటర్ సంగతి వదిలేయండి, అదే పని చేస్తున్న అవతలి మనిషి ఫలితం కూడా నా వల్ల ఆగిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. స్నాప్‌షాట్ తీయాలంటే ప్రాజెక్ట్ కలపకముందు, ఖాళీ ఉబుంటుగా ఉన్నప్పుడే తీయాలి.

అవతలి మనిషి ఎవరంటారా? ఐన్‌స్టీన్‌లో ఒక కంప్యూటర్ చెప్పిన లెక్కని నమ్మేయరు. అదే పనిని ఇంకొకరి కంప్యూటర్‌కి కూడా పంపి, రెండు ఫలితాలూ సరిపోలితేనే తీసుకుంటారు. 2010లో అరెసిబో రేడియో టెలిస్కోపు డేటాలో ఒక కొత్త పల్సార్ (గిరగిరా తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే న్యూట్రాన్ నక్షత్రం) దొరికింది కదా, అది అమెరికాలో ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీలో ఒకరి కంప్యూటర్ చేసిన లెక్కల్లోంచే బయటపడింది. మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. లైగో డేటాలో వెతికేది మాత్రం ఇంకా చిక్కలేదు. తిరుగుతున్న న్యూట్రాన్ నక్షత్రం నుంచి నిరంతరం వచ్చే సన్నని తరంగం అది. 2015లో దొరికినది రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పటిది, ఇది వేరు.

మూయడం గురించి. కిటికీ మూసేటప్పుడు వర్చువల్‌బాక్స్ మూడు ఎంపికలు చూపిస్తుంది. "పవర్ ఆఫ్" ఎప్పుడూ వద్దు, అది ప్లగ్ పీకేయడంతో సమానం. లెక్క మధ్యమధ్యలో చెక్‌పాయింట్‌గా దాచుకున్నంతవరకే మిగులుతుంది. "సేవ్ స్టేట్" రోజువారీ పనికి సరైనది, ఆపిన చోటు నుంచే మళ్ళీ మొదలవుతుంది. వారానికోసారి ఉబుంటులోనే షట్‌డౌన్ చేసి అప్‌డేట్లు వేయండి. వర్చువల్‌బాక్స్ వాళ్ళే ఇచ్చే గెస్ట్ అడిషన్స్ ఉబుంటులో వేసుకుంటే సేవ్ స్టేట్ నుంచి లేచాక గడియారం సరిచేసుకుంటుంది.

బోయింక్‌లో "కంప్యూటర్ వాడుతున్నప్పుడు ఆపు" అనే టిక్‌ని నమ్ముకోకండి. లోపలి ఉబుంటుకి మీరు బయట విండోస్‌లో టైప్ చేస్తున్న సంగతి తెలియదు. దాని బదులు గంటలు పెట్టండి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా. పని నిల్వ కూడా తక్కువ పెట్టండి, అర రోజుకు సరిపడా. ఎక్కువ పనులు దించుకుని గడువు దాటించడం కంటే ఒక్కటే తీసుకుని పూర్తిచేసి పంపడం ఎంతో మేలు.

వేళచ్చేరి, ఫిజిక్స్ టీచర్ (మరుసటి ఆదివారం)

మొదటి పని గురువారమే వెళ్ళింది. మూడు రోజులు "పెండింగ్" అనే ఉంది. ఏమైనా తప్పు చేశానేమో అని రోజూ చూసుకున్నాను. ఈ రోజు పొద్దున "వాలిడ్" అయింది. అవతలి కంప్యూటర్ నిన్న రాత్రి పంపిందట. అంటే ఎక్కడో ఎవరో నాలాగే ఎదురుచూసి ఉంటారు. రేపు క్లాసులో ఆ పేజీ చూపిస్తాను.

స్కూలు ల్యాబ్‌లో పది కంప్యూటర్లున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ సరే అన్నారు. పెరుంగుడి గారి అనుభవం చదివాను కాబట్టి రాతపూర్వకంగానే అడిగాను, సంతకం చేసి ఇస్తామన్నారు. నా మెషీన్‌నే పది కాపీలు తీసి ల్యాబ్‌లో పెట్టేయవచ్చా?

తాంబరం

పెట్టండి మేడమ్, కానీ మీరిప్పుడు నడుపుతున్న మెషీన్‌ని కాపీ చేయకండి. అందులో మీ కంప్యూటర్‌కి సర్వర్ ఇచ్చిన గుర్తింపు ఉంటుంది, పదీ అదే గుర్తింపుతో మాట్లాడితే సర్వర్‌కి అయోమయం. పనులు కలగాపులగం అవుతాయి. కొత్తగా ఒక ఉబుంటు మెషీన్ చేసి, బోయింక్ వేసి, ప్రాజెక్ట్ కలపకుండా, ఒక్కసారి కూడా సర్వర్‌తో మాట్లాడనివ్వకుండా మూసేయండి. దాన్ని కాపీ తీయండి. కాపీ తీసేటప్పుడు నెట్‌వర్క్ కార్డుకి కొత్త మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్‌లో ఆ కార్డు గుర్తింపు సంఖ్య) ఇవ్వమనే ఎంపిక పెట్టండి. తర్వాత ఒక్కో కంప్యూటర్‌లో కూర్చుని ప్రాజెక్ట్ కలపండి. ల్యాబ్ కంప్యూటర్ల ర్యామ్ ఎంతో చూసి చెప్పండి. 4 జీబీవే అయితే వాటిలో వర్చువల్ మెషీన్ వద్దు, నేరుగా వేద్దాం.

శనివారం నాకు సెలవు. తాంబరం నుంచి వేళచ్చేరి ఎంతో దూరం కాదు, మీకు, హెడ్‌మిస్ట్రెస్ గారికి అభ్యంతరం లేకపోతే వస్తాను. ప్రాజెక్ట్ కలిపే పని మాత్రం పిల్లల చేతే చేయిద్దాం, ముఖ్యంగా ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి చేత.